రేపు డబ్లిన్ ప్రయాణం: దిగిన మొదటి రోజు ఏం చేసుకోవాలి?

పట్టుదారం | బరంపురం, గంజాం | గురువారం రాత్రి 8:40

అందరికీ నమస్కారం. మాది బరంపురం, మగ్గం మీద బతికిన ఇల్లు. ఎమ్మెస్సీ చదవడానికి డబ్లిన్ వెళ్తున్నాను. రేపు మధ్యాహ్నం భువనేశ్వర్‌లో విమానం ఎక్కితే ఢిల్లీ, దోహా మీదుగా శనివారం మధ్యాహ్నానికి అక్కడ దిగుతాను. మా ఇంట్లో ఇంతవరకు ఎవరికీ పాస్‌పోర్టే లేదు, అడుగుదామంటే దగ్గరివాళ్లలో వెళ్లొచ్చినవాళ్లు లేరు.

కన్సల్టెన్సీ వాళ్లిచ్చిన కాగితంలో సిమ్, బ్యాంకు ఖాతా, ఐఆర్‌పీ కార్డు (అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి కార్డు), పీపీఎస్ నంబరు (పనికి, పన్నుకి కావాల్సిన నంబరు), కాలేజీ రిజిస్ట్రేషను, ఇల్లు అన్నీ ఒకే వరసన రాసేశారు. చదివిన కొద్దీ దడ పెరుగుతోంది. దిగిన రోజే చేసుకోవాల్సినవి ఏవి, ఆగినా పర్వాలేనివి ఏవి? మొదటి పదిహేను రోజులకి తెలిసినవాళ్ల ద్వారా తెలుగమ్మాయిలు ఉంటున్న ఇంట్లో ఒక మంచం దొరికింది. ఆ తర్వాత వెతుక్కోవాలి.

అమ్మ పక్కనే కూర్చుని పెట్టె సర్దుతోంది. అప్పడాలు, ఆవకాయ, చేగోడీలు, కిలో నెయ్యి, కరివేపాకు. ఇవన్నీ రానిస్తారా? ఈ రాత్రికి చెప్పేస్తే పెట్టెకి తాళం వేసేస్తాం.

ప్రాణహిత | సిరొంచ, గడ్చిరోలి | గురువారం రాత్రి 9:05

చెల్లె, ముందుగాల నెయ్యి తీసి పక్కకు పెట్టు. మా తమ్ముడు ఐర్లాండులనే కార్క్‌ల చదివిండు. ఐర్లాండు యూరోపియన్ యూనియన్‌ల ఉన్నది కాబట్టి బయటి దేశాలకెళ్లి పాలతోని చేసినవి, మాంసంతోని చేసినవి తెచ్చుకోనియ్యరు. నెయ్యి, కోవా, పనీరు, కోడి పచ్చడి అన్నీ అండ్లకే వస్తయి. మావాడు పోయినప్పుడు అమ్మ కట్టిచ్చిన నెయ్యి డబ్బ కస్టమ్స్ కాడనే ఉండిపోయింది. అమ్మకు ఆ ముచ్చట చాన రోజులు చెప్పలేదు.

పచ్చి కరివేపాకు గూడ వద్దు. పచ్చి ఆకులకు, కాయలకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం అడుగుతరు. అరటి, కొబ్బరికాయ, అనాస, ఖర్జూరం, దురియన్, ఈ ఐదు పండ్లకే మినహాయింపు. కరివేపాకు ఎండబెట్టి పొడి కొట్టుకో. ఎండుకొబ్బరి మాత్రం పెట్టెల పెట్టకు, నూనె గుణానికి అంటుకుంటదని మన దేశంల విమానాలకాడనే ఆపుతరు.

అమ్మకు చెప్పు, నెయ్యికి రంది పెట్టుకోవద్దని. ఐర్లాండుల వెన్నకు కొదవ లేదు. ఉప్పులేని వెన్న తెచ్చి సన్నమంట మీద కరగబెట్టుకుంటె కమ్మటి నెయ్యి.

ధర్మాబాద్ మిర్చి | ధర్మాబాద్, నాందేడ్ | గురువారం రాత్రి 9:20

బిడ్డా, ఆవకాయ సంగతి నేను చెప్త. మా పిల్లలిద్దరికీ పంపిన చెయ్యి ఇది. సీసాల వెయ్యకు. మందం ప్లాస్టిక్ డబ్బల పై నూనె వంచేసి ముక్కలు, గుజ్జు నింపు. మూతి మీద ప్లాస్టిక్ కాగితం పరిచి మూత బిగించు, చుట్టూ టేపు వెయ్యి. ఆ డబ్బను రెండు సంచులల్ల ముడేసి, పెట్టెల నడిమిట్ల పాత తువ్వాలు చుట్టి పెట్టు. నూనె అక్కడ కొని కాచి పోసుకుంటె సరి. చేతి సంచిల పెడితె మాత్రం తీసేస్తరు, ముద్దలాంటివన్నీ నీళ్ల లెక్కనే చూస్తరు. అప్పడాలకు ఏ అడ్డు లేదు. కారం ఒక కిలో ఎక్కువే పెట్టుకో, అక్కడి కారంల రంగుంటది గని ఘాటుండదని మా చిన్నది ఎప్పుడు ఫోన్ చేసినా అంటది.

కెరటం | గోపాలపురం, గంజాం | గురువారం రాత్రి 9:31

ఎండు చేపలు? మా వదిన వచ్చే నెల వెళ్తాది, అందుకు అడుగుతున్నాను.

ప్రాణహిత | సిరొంచ, గడ్చిరోలి | గురువారం రాత్రి 9:38

చేపలకు ఆ నిషేధం లేదు, మనిషికి 20 కిలోల దాక తెచ్చుకోవచ్చు. వాసన బయటికి రాకుండ కట్టుకోవాలె, అంతే.

లిఫీ గట్టు | పర్లాకిమిడి, ఇప్పుడు డబ్లిన్ | గురువారం రాత్రి 10:15

పట్టుదారం, మాది పర్లాకిమిడి. ఇక్కడ ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్నాను. ఏటా సెప్టెంబరులో మన పిల్లల్ని చూస్తూనే ఉన్నాను. దిగిన రోజు పాడైపోయేది కాగితాల వల్ల కాదమ్మా, నిద్రలేని ఒంటితో అన్నీ ఒకేసారి నెత్తికెత్తుకోవడం వల్ల. అందుకే వరస చెప్తాను.

పాస్‌పోర్టు, వీసా, కాలేజీ ఉత్తరం, ఫీజు కట్టిన రసీదు, వైద్య బీమా, డబ్బుకి సంబంధించిన కాగితాలు, ఉండబోయే ఇంటి చిరునామా. ఇవన్నీ ఒక ఫైలులో చేతి సంచిలో ఉండాలి. పెద్ద పెట్టెలో వేశావంటే ఇమిగ్రేషన్ దగ్గర నీ చేతికి అందవు, పెట్టెలు ఆ తర్వాతే వస్తాయి. అధికారి ఏం చదువు, ఎక్కడ ఉంటావు, డబ్బు ఎవరు పెడుతున్నారు అని అడుగుతారు. చెప్పి, కాగితం చూపించు. పాస్‌పోర్టులో ముద్ర వేసి, 90 రోజులకి మించకుండా ఒక తేదీ రాస్తారు. ఆ తేదీలోపు ఐఆర్‌పీకి నమోదు చేయించుకోవాలి. ఆ పేజీని అక్కడే ఫొటో తీసుకుని ఇంటికి పంపు.

విమానాశ్రయంలో వైఫై ఉచితం. ముందు అమ్మకి ఒక్క మాట రాసి, అప్పుడు కదులు. డబ్లిన్ విమానాశ్రయానికి రైలు లేదు. బస్సో టాక్సీయో. రెండు పెట్టెలుంటే కోచ్ బస్సు నయం, సామాను కిందపెట్టెలో వేస్తారు. ఊరి రెండంతస్తుల బస్సు ఎక్కితే అక్కడి కొట్లోనే లీప్ కార్డు (డబ్బు వేసుకుని బస్సుల్లో వాడే కార్డు) కొనుక్కో. పెద్దవాళ్లకి 90 నిమిషాలకి 2 యూరోలు, ఆలోపు బస్సు మారినా మళ్లీ కోయరు. విద్యార్థులకి, 19 నుంచి 25 ఏళ్లవాళ్లకి వేరే కార్డు ఉంది, దానిమీద 1 యూరోనే. దానికి ఫొటో, దరఖాస్తు కావాలి కాబట్టి తర్వాత తీసుకో. కార్డు లేకపోతే చిల్లర నాణేలే వేయాలి, నోట్లు తీసుకోరు.

ఇంకో మాట. స్టాపులో ఊరకనే నిలబడితే బస్సు ఆగదు. నీ నంబరు బస్సు కనిపించగానే చెయ్యి చాచాలి. దిగేటప్పుడు డ్రైవరుకి థాంక్యూ చెప్పడం ఇక్కడి అలవాటు, చిన్నా పెద్దా అందరూ చెప్తారు.

కొలాబ్ | జయపురం, కొరాపుట్ | గురువారం రాత్రి 10:50

నేను రెండేళ్లు డబ్లిన్‌లో చదివి వచ్చాను. లిఫీ గట్టు గారి మీద గౌరవం ఉంది కానీ ఆవిడ చెప్పిన వరస నాకు నచ్చలేదు. సెప్టెంబరులో వేలమంది ఒకేసారి దిగుతారు. ఐఆర్‌పీ అపాయింట్‌మెంటు దొరకడమే గగనం. బ్యాంకు వాళ్లు తేదీ ఇచ్చేసరికి వారాలు గడిచిపోతాయి. ఖాతా లేనిదే జీతం పడదు, పీపీఎస్ లేనిదే పన్ను ఎక్కువ కోస్తారు. దిగిన రోజు పడుకుంటే నీ ముందు వెయ్యిమంది వరసలో ఉంటారు. ఫ్లైటు దిగి, పెట్టె గదిలో పడేసి, నేరుగా పనిమీద బయల్దేరాలి. అప్పు చేసి వచ్చినవాళ్లకి ఒక్కో రోజూ ఖర్చే.

లిఫీ గట్టు | పర్లాకిమిడి, ఇప్పుడు డబ్లిన్ | గురువారం రాత్రి 11:10

కొలాబ్ గారూ, అప్పు సంగతి నాకూ తెలుసు, నేనూ అలాగే వచ్చాను. కానీ ఆ అమ్మాయి దిగేది శనివారం. శని, ఆదివారాల్లో ఏ ఆఫీసూ తెరవరు. ఇంకొకటి, ఈ కాగితాలు ఒకదాన్ని పట్టుకుని ఒకటి వస్తాయి. కాలేజీలో రిజిస్ట్రేషను పూర్తయితేనే చదువుతున్నట్టు ఉత్తరం ఇస్తారు. ఐఆర్‌పీకి ఆ ఉత్తరం కావాలి. బ్యాంకు అడిగే చిరునామా రుజువుకీ అదే అక్కరకొస్తుంది. పీపీఎస్‌కి ఎందుకు కావాలో కారణం చూపించాలి, పని దొరికినట్టు ఉత్తరం లాంటిది. మొదటి రోజు పరుగెత్తినా మొదటి తలుపు దగ్గరే వెనక్కి పంపుతారు.

ఒక్క విషయంలో మీ మాట నిజం. ఐఆర్‌పీ అపాయింట్‌మెంటు ఆన్‌లైన్‌లో తీసుకునేదే, బర్గ్ క్వేలో ఉన్న ఇమిగ్రేషన్ ఆఫీసుకి వెళ్లి వరసలో నిలబడేది కాదు. మంచం మీద కూర్చుని ఫోన్‌లో చూసుకోవచ్చు. కార్డుకి 300 యూరోలు కట్టాలి. ఆ డబ్బు వేరుగా తీసిపెట్టుకో పట్టుదారం, ఇంటి ఖర్చులో కలిపేయకు.

కొలాబ్ | జయపురం, కొరాపుట్ | గురువారం రాత్రి 11:22

శనివారం అన్నది నేను గమనించలేదు, మీరన్నది సరే. సోమవారం పొద్దున్న మాత్రం కాలేజీ తలుపు తీసేసరికి అక్కడ ఉండాలి. ఈ ముక్కలో నేను తగ్గను.

మజ్జిగౌరి భక్తుడు | రాయగడ | శుక్రవారం ఉదయం 6:30

మా అబ్బాయి కూడా జనవరిలో వెళ్లే ప్రయత్నంలో ఉన్నాడు. రాత్రంతా ఇదే చదివాను. చేతిలో ఎంత నగదు ఉంచాలి? ఇల్లు చూపిస్తామని ఫోన్‌లో ఫొటోలు పంపి రెండు నెలల డిపాజిట్ ముందే పంపమంటున్నారు ఒకాయన. ఇంటి తాళాలు కొరియర్‌లో వస్తాయంటున్నారు. పంపొచ్చా?

లిఫీ గట్టు | పర్లాకిమిడి, ఇప్పుడు డబ్లిన్ | శుక్రవారం ఉదయం 7:45

బాబాయ్, పైసా పంపకండి. తాళాలు కొరియర్‌లో వస్తాయన్న మాట దగ్గరే అది మోసమని తేలిపోయింది. మా ఆసుపత్రిలో పనిచేసే అమ్మాయి కూడా ఇలాగే పంపి, పెట్టెలు పట్టుకుని ఆ చిరునామాకి వెళ్తే తలుపు తీసినవాళ్లకి ఆ పేరే తెలియదు. డబ్లిన్‌లో ఇళ్ల కరువు నిజం, ఆ కరువు మీదే ఈ మోసగాళ్లు బతుకుతున్నారు.

ఇల్లు కంటితో చూడాలి, లేదా మనం నమ్మే మనిషి వెళ్లి చూడాలి. అద్దె ఒప్పందాలకి 2021 నుంచి చట్టం ఉంది: ఒక నెల డిపాజిట్, ఒక నెల ముందస్తు అద్దె, అంతకు మించి అడగకూడదు. విద్యార్థి తనంతట తాను ఇష్టపడి ఎక్కువ నెలల అద్దె ముందే కట్టొచ్చు గానీ డిపాజిట్ మాత్రం ఒక నెలదే. కట్టినదానికి రసీదు, రాతకోతలు ఉండాలి. ముందు రెండు వారాలకి హాస్టలో తెలిసినవాళ్ల గదో చూసుకుని, వచ్చాక వెతుక్కోవడమే మేలు.

నగదు మొదటి వారం తిండికి, బస్సులకి సరిపోయేంత చాలు, మిగతాది ఫారెక్స్ కార్డులో వేయండి. ఇక్కడ కాఫీకి కూడా కార్డే గీస్తారు. 10,000 యూరోలు, ఆపైన నగదు తెచ్చేవాళ్లు కస్టమ్స్‌లో చెప్పి తీరాలి, మనకి ఆ అవసరం రాదు.

రుషికుల్య మాస్టారు | ఛత్రపురం, గంజాం | శుక్రవారం ఉదయం 8:15

అమ్మా పట్టుదారం, నీకు ముందు మన బరంపురం నుంచి డబ్లిన్ వెళ్లిన విద్యార్థి ఒకాయన ఉన్నారు. వరాహగిరి వెంకటగిరి గారు. 1894లో బరంపురంలో పుట్టారు. అప్పటికి గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది, ఒడిషా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడింది 1936లో. గిరి గారు 1913లో న్యాయశాస్త్రం చదవడానికి ఓడ మీద వెళ్లి యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్‌లో చేరారు. అక్కడి స్వాతంత్ర్య పోరాటం ఆయన్ని పట్టేసింది. 1916లో బ్రిటిష్ పాలన మీద ఈస్టర్ తిరుగుబాటు జరిగింది, ఆ ఏడాదే ఆయన స్వదేశానికి తిరిగి రావలసి వచ్చింది. తర్వాత రైల్వే కార్మికుల వైపు నిలబడ్డారు, 1969లో రాష్ట్రపతి అయ్యారు.

ఆ రోజుల్లో ఆ కాలేజీ ఎర్ల్స్‌ఫోర్ట్ టెరస్‌లో ఉండేది. ఆ భవనం ఇప్పుడు నేషనల్ కాన్సర్ట్ హాల్. కుదురుకున్నాక ఒకసారి వెళ్లి దాని ముందు నిలబడు తల్లీ. పందొమ్మిదేళ్ల బరంపురం కుర్రవాడు ఫోనూ లేక, ఉత్తరానికి జవాబు రావడానికి వారాలు పట్టే కాలంలో అక్కడ మొదటి రాత్రి ఎలా గడిపి ఉంటాడో నేను చాలాసార్లు అనుకున్నాను. మా విద్యార్థులకి ఇది చెప్తూనే రిటైరయ్యాను.

పట్టుదారం | భువనేశ్వర్ విమానాశ్రయం | శుక్రవారం ఉదయం 11:20

మాస్టారూ, ఇది మా నాన్నకి చదివి వినిపించాను. ఆయన ఏమీ అనలేదు, ఇంకోసారి చదవమన్నారు.

నెయ్యి, కరివేపాకు దింపేశాం. అమ్మ రాత్రికి రాత్రే ఆకు వేయించి పొడి చేసింది.

ఒక సందేహం. నా టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు చివర ఉంది, ఒడియా బడిలో అలాగే రాశారు. డిగ్రీలో పొడి అక్షరం. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా వేరే గడిలో ఉంది. అక్కడ ఇబ్బందేనా?

లిఫీ గట్టు | పర్లాకిమిడి, ఇప్పుడు డబ్లిన్ | శుక్రవారం మధ్యాహ్నం 12:05

మన సరిహద్దు పిల్లలందరికీ ఉన్న చిక్కే ఇది, నాకూ ఉంది. ఇక్కడ అన్నిటికీ పాస్‌పోర్టే ప్రమాణం. కాలేజీలో, బ్యాంకులో, ఐఆర్‌పీలో, అద్దె కాగితంలో ఒక్క అక్షరం తేడా లేకుండా పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయి. కాలేజీ వాళ్ల రికార్డులో పొడి అక్షరం పడి ఉంటే సోమవారమే మార్పించు. ఎందుకంటే వాళ్లిచ్చే ఉత్తరంలో ఉన్న పేరే మిగతా అన్నిచోట్లకీ పాకుతుంది. రెండు పేర్లూ ఒకరివేనని నోటరీ అఫిడవిట్ ఉంటే ఫైలులో పెట్టుకో, లేకపోతే నాన్నగారిని చేయించి స్కాన్ పంపమను. సుఖంగా వెళ్లిరా.

పట్టుదారం | డబ్లిన్ | శనివారం రాత్రి 9:50 (ఇక్కడ సాయంత్రం 5:20)

చేరాను. గదిలో కూర్చుని రాస్తున్నాను.

ఇమిగ్రేషన్ దగ్గర అధికారిణి నా కాలేజీ ఉత్తరం, బీమా చూశారు. మీది ఏ ఊరు అంటే బరంపురం, ఒడిషా అన్నాను. డబ్బు ఎవరిస్తున్నారంటే బ్యాంకు లోను, నాన్న అన్నాను. ముద్ర వేసి నవ్వి వెల్‌కమ్ అన్నారు. మోకాళ్లు అప్పుడు వణికాయి, ముందు కాదు.

పెట్టెలు రెండూ వచ్చాయి, ఆవకాయ చుక్క కూడా కారలేదు. ధర్మాబాద్ పిన్నిగారికి దండాలు. వైఫైలో అమ్మకి మాట్లాడి, కోచ్‌లో సిటీ దాకా వచ్చి, అక్కడ ఊరి బస్సు కోసం నిలబడ్డాను. చెయ్యి చాచి బస్సు ఆపాను అక్కా. పెట్టెలు ఎక్కించడానికి పెద్దావిడ ఒకరు సాయం పట్టారు. ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషే గానీ పాట పాడినట్టుంది, సగమే అందింది. "వానకి గొడుగు కొనకు, గాలికి విరిగిపోతుంది, టోపీ ఉన్న కోటు కొనుక్కో" అన్నది మాత్రం బాగా అర్థమయింది.

ఇల్లు రెండంతస్తులది, వీధి వీధంతా ఒకేలాంటి ఇళ్లు. నాకిచ్చిన గదిలో ఇంకో అమ్మాయి ఉంటుంది, ఆమెది గుంటూరు. వాళ్లంతా పనులకి వెళ్లారు, తాళం పక్కింట్లో పెట్టారు. స్నానం చేద్దామంటే వేడినీళ్లు రావట్లేదు. కుళాయి తిప్పితే మంచునీళ్లు. స్నానాల గదిలో స్విచ్చే లేదు, ప్లగ్గు పెట్టే చోటూ లేదు. ఎవరిని అడగాలో తెలియక ఇక్కడ అడుగుతున్నాను. చాలా అలసటగా ఉంది.

లిఫీ గట్టు | పర్లాకిమిడి, ఇప్పుడు డబ్లిన్ | శనివారం రాత్రి 9:54

బంగారుతల్లీ, తల పైకెత్తి చూడు. స్నానాల గదిలో కప్పు నుంచి ఒక తాడు వేలాడుతుందా? లైటు తాడు కాకుండా ఇంకోటి, దాని పైన పెట్టెలో చిన్న ఎర్ర దీపం ఉంటుంది. అది లాగు. దీపం వెలిగితే షవరు పెట్టె మీద బొత్తాం నొక్కు, అర నిమిషంలో వేడినీళ్లు. తడి చేతుల భయానికి ఇక్కడ స్నానాల గదిలో మామూలు ప్లగ్గులు పెట్టరు.

తాడు లేకపోతే ఇంట్లో బీరువాలాంటి చోట రాగి ట్యాంకు ఉంటుంది, దగ్గర్లోనే ఇమ్మర్షన్ అని రాసిన స్విచ్చు. దానికి రెండు వైపులు, సింక్ అని ఒకటి, బాత్ అని ఒకటి. సింక్ అంటే ట్యాంకు పైభాగమే కాగుతుంది, బాత్ అంటే మొత్తం. నీకు సింక్ చాలు. వాడాక ఆపెయ్యడం మరిచిపోకు, కరెంటు బిల్లు అందరూ పంచుకునే ఇంట్లో మొదటి పేచీ అక్కడే వస్తుంది.

పట్టుదారం | డబ్లిన్ | శనివారం రాత్రి 10:25

తాడే! తలుపు వెనకాల ఉంది. స్నానం చేశాను. మనిషినయ్యాను.

ప్రాణహిత | సిరొంచ, గడ్చిరోలి | శనివారం రాత్రి 10:31

మస్తు సంతోషం చెల్లె. ఇప్పుడు పండకు. అక్కడింకా పొద్దు గూకలే. మనకన్న నాలుగున్నర గంటలు ఎనక ఉంటరు, ఇప్పుడు పంటె అర్ధరాత్రి లేచి కూసుంటవు, అప్పుడు ఇల్లు యాదికొస్తది. కోటు ఏసుకొని వీధి చివరిదాక నడిచి రా. పాలు, రొట్టె, గుడ్లు తెచ్చుకో. కుళాయి నీళ్లు తాగొచ్చు, సీసాలు కొనకు. కొంటె గూడ సీసా మీద 15 సెంట్లో 25 సెంట్లో ఎక్కువ తీసుకుంటరు, ఖాళీది కొట్టుకాడ మిషన్ల ఏస్తె ఎనకకిస్తరు.

మజ్జిగౌరి భక్తుడు | రాయగడ | శనివారం రాత్రి 10:40

మన చార్జరు అక్కడి ప్లగ్గులో పడుతుందా అమ్మా?

పట్టుదారం | డబ్లిన్ | శనివారం రాత్రి 10:44

పడదు బాబాయ్. ఇక్కడివి పలకల్లాంటి మూడు కాళ్ల ప్లగ్గులు, లండన్‌లో వాడేవే. అడాప్టరు భువనేశ్వర్‌లోనే కొన్నాను. కరెంటు మనలాగే 230 వోల్టులు, కుక్కరు, చార్జరు అన్నీ పనిచేస్తాయి. స్విచ్చులు కూడా మనలాగే ప్లగ్గు పక్కనే ఉన్నాయి. వాహనాలు కూడా మనలాగే ఎడమ వైపే నడుస్తున్నాయి, రోడ్డు దాటడానికి భయం వేయలేదు.

పట్టుదారం | డబ్లిన్ | ఆదివారం తెల్లవారుజాము 2:30 (ఇక్కడ శనివారం రాత్రి 10)

అక్కవాళ్లు వచ్చారు. అన్నం, ఆవకాయ, అప్పడాలు. పోపు వేస్తుంటే పొగ అలారం మోగింది. గుంటూరు అక్క పరుగెత్తుకొచ్చి వెనక తలుపు తీసి, పొగ లాగే ఫ్యాను పెట్టి, వంటింటి తలుపు మూసి వేసుకోవాలని చూపించింది.

భోజనాల దగ్గర ఏ జిల్లా అని అడిగారు. గంజాం అంటే ఆంధ్రలో ఎక్కడ అన్నారు. ఒడిషా అన్నాను. అయితే తెలుగు ఎలా వచ్చు అన్నారు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజారులో రెండూ అని చెప్పాను. నా మాట శ్రీకాకుళం యాసలా ఉందన్నారు. ఒకక్క ఒడియాలో నాలుగు ముక్కలు చెప్పమంది, చెప్పాను. ఎవరూ తప్పుగా అనలేదు, ప్రేమగానే అడిగారు. కానీ మేం ఎక్కడివాళ్లమో ఎప్పుడూ మొదటి నుంచీ చెప్పుకుంటూ రావాలి కదా అనిపించింది. అక్కడ భువనేశ్వర్‌లో తెలుగువాళ్లమని, ఇక్కడ ఒడిషావాళ్లమని.

రుషికుల్య మాస్టారు | ఛత్రపురం, గంజాం | ఆదివారం ఉదయం 5:50

చెప్పుకో తల్లీ, వెనకాడకు. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో తెలుగు మాట్లాడే ఇళ్లు తరతరాలుగా ఉన్నాయి. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలోనే పాఠాలు చెప్పారు, అక్కడే సవర భాష మీద పనిచేశారు. వ్యావహారిక భాష కోసం అంత పోరాడిన మనిషి మన ఊళ్లోవాడు. నీ మాట నువ్వు మాట్లాడు. మూడు భాషల మధ్య పెరిగినదానివి, ఆ బస్సులో పెద్దావిడ మాట కూడా నెల తిరక్కుండా నీకు అందుతుంది, అది నేను రాసిస్తాను.

సిరొంచ గోదారి | సిరొంచ, గడ్చిరోలి | ఆదివారం ఉదయం 7:10

మా దిక్కు గూడ ఇదే ముచ్చట మాస్టారూ. బడిల మరాఠీ, ఇంట్ల తెలుగు. పుణెకు పోతె తెలంగాణోళ్లంటరు, హైదరాబాదుకు పోతె మహారాష్ట్రోళ్లంటరు. పట్టుదారం రాసింది మా ఇంట్ల అందరికీ చదివి చెప్పిన.

లిఫీ గట్టు | పర్లాకిమిడి, ఇప్పుడు డబ్లిన్ | ఆదివారం మధ్యాహ్నం 2:15

పట్టుదారం, నీ ఇంటికి దగ్గర్లో ఎక్కడో ఒక ఒడియా పిల్ల కూడా ఉంటుంది, ఒక తెలుగు పిల్ల కూడా ఉంటుంది. రెండు ఇళ్లలోనూ నీకు భోజనం దొరుకుతుంది. మూర్ స్ట్రీట్ వైపు వెళ్తే మన సరుకుల కొట్లున్నాయి, కందిపప్పు, బియ్యం, పచ్చిమిరపకాయలు తెచ్చుకో. సొంత డబ్బుతో మొదటి సామాను కొనుక్కున్నాక గది సొంతమైనట్టు అనిపిస్తుంది.

అత్యవసరమైతే 112 గానీ 999 గానీ, రెండూ పనిచేస్తాయి. ఫోన్‌లో ఎక్కించుకో. ఇంటి చిరునామాకి ఎయిర్‌కోడ్ అని అక్షరాలూ అంకెలూ కలిపి ఏడు ఉండే గుర్తు ఉంటుంది, ఒక్కో ఇంటికి ఒక్కోటి. అంబులెన్సుకి అది చెప్తే నేరుగా గుమ్మంలోకి వస్తుంది. బట్టీ పట్టు.

కొలాబ్ | జయపురం, కొరాపుట్ | ఆదివారం సాయంత్రం 6:00

సోమవారం కాలేజీకి వెళ్లేటప్పుడు పాస్‌పోర్టు అసలుది పట్టుకెళ్లు. పేరు సరిచేయించు, రిజిస్ట్రేషను ఉత్తరాలు రెండు మూడు అడిగి తీసుకో, బ్యాంకుకి ఒకటి, ఐఆర్‌పీకి ఒకటి. పని విషయం కూడా ఇప్పుడే చెప్పేస్తాను. స్టాంప్ 2 (విద్యార్థులకి ఇచ్చే అనుమతి) మీద చదువు రోజుల్లో వారానికి 20 గంటలే. జూన్ నుంచి సెప్టెంబరు వరకు, డిసెంబరు 15 నుంచి జనవరి 15 వరకు 40 గంటలు. నగదు ఇస్తాం, ఎక్కువ గంటలు చెయ్యి అనేవాళ్లు తగులుతారు. వాళ్ల దగ్గరకి వెళ్లకు, వీసాకే ముప్పు. నాతో ఉన్న ఒకబ్బాయికి ఒక హోటలు యజమాని నెల జీతం ఎగ్గొట్టాడు. లెక్కలో లేని పని కాబట్టి ఫిర్యాదుకి వెళ్లాలంటే వాడికే భయం.

పట్టుదారం | డబ్లిన్ | ఆదివారం రాత్రి 11:40 (ఇక్కడ సాయంత్రం 7:10)

అన్నీ రాసుకున్నాను. ఐఆర్‌పీ ఖాతా తెరిచాను, కాలేజీ ఉత్తరం రాగానే తేదీ పెట్టుకుంటాను. మూర్ స్ట్రీట్‌లో కందిపప్పు, కరివేపాకు రెండూ దొరికాయి. చిన్న పొట్లం కరివేపాకు ధర చూసి అమ్మకి చెప్పలేదు. ఉప్పులేని వెన్న కాచాం, ఇల్లంతా వాసన. అమ్మకి వీడియోలో గిన్నె చూపిస్తే "ఇంకా కాగాలి, అడుగున గోధుమరంగు రానీ" అంది.

కొలాబ్ అన్నా, మీరు చెప్పినట్టు రేపు ఎనిమిదిన్నరకే బయల్దేరుతున్నాను.

మజ్జిగౌరి భక్తుడు | రాయగడ | సోమవారం ఉదయం 6:20

డిపాజిట్ అడిగినాయనకి పంపట్లేదని చెప్పేశాను. అప్పటి నుంచి ఫోను ఎత్తడం లేదు. లిఫీ గట్టు అమ్మా, మా అబ్బాయి జనవరిలో వస్తే అప్పటికి గదులు దొరుకుతాయా? చలికి ఇక్కడి నుంచి ఏం కొని పంపాలి?

లిఫీ గట్టు | పర్లాకిమిడి, ఇప్పుడు డబ్లిన్ | సోమవారం మధ్యాహ్నం 1:30

సెప్టెంబరు అంత రద్దీ ఉండదు బాబాయ్, కానీ నవంబరు నుంచే వెతకడం మొదలుపెట్టండి. గది కనిపిస్తే నాకు ఇక్కడే రాయండి, సెలవు రోజున నేను వెళ్లి చూసి చెప్తాను. లోపల వేసుకునే ఉన్ని బట్టలు రెండు జతలు, మంచి సాక్సులు కొనండి. బరువైన కోటు కొనొద్దు, గాలికీ వానకీ తట్టుకునేది ఇక్కడే తీసుకోవచ్చు. జనవరిలో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడిపోతుంది, కాబట్టి పొద్దున్నే దిగే విమానం చూసుకోండి.